టీవీలో జైలు, చెముడుగుంటలో జైలు: నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

నేను నెల్లూరు కోర్టులో ఒక క్రిమినల్ లాయరు గారి దగ్గర గుమస్తాని. మా సెంట్రల్ జైలుండేది చెముడుగుంటలో. ఇరవై రెండేళ్ళయింది. ఇంట్లో మనిషిని పోలీసులు తీసుకుపోగానే మా ఆఫీసు మెట్లెక్కే వాళ్ళలో చాలామందికి జైలు గురించి తెలిసిందల్లా రాత్రి సీరియల్లోనో, ఆదివారం సినిమాలోనో చూసిందే. వాళ్ళ భయాలూ టీవీవే, ఆశలూ టీవీవే. అవే ప్రశ్నలకు అవే జవాబులు చెప్తూ ఉంటే మా సార్ వాళ్ళబ్బాయి “రాసి పెట్టెయ్ అన్నా, వచ్చినోళ్ళందరికీ పంపిద్దాం” అన్నాడు. చట్టానికి సంబంధించిన మాటలు సార్ ఒకసారి చూసి దిద్దారు. మిగతా అభిప్రాయాలన్నీ నావే.

సీరియల్లో ఎస్సై వచ్చి అరెస్టు చేసి నేరుగా జైల్లో వేసేస్తాడు. నిజంగా అంతేనా?

కాదు. టీవీ వాళ్ళు చేసే మొదటి తప్పు ఇదే, మిగతా తప్పులన్నీ దీని కడుపున పుట్టినవే. పోలీస్ స్టేషన్లో ఊచలున్న గదిని లాకప్ అంటారు. అది జైలు కాదు. జైలు పోలీసులది కూడా కాదు. జైళ్ళ శాఖ వేరు, దాని అధికారులు వేరు. సూపరింటెండెంటు, జైలరు, డిప్యూటీ జైలరు, హెడ్ వార్డరు, వార్డరు అని వాళ్ళ వరస వాళ్ళకుంది. ఖాకీ వేసుకుంటారు కాబట్టి మనకు అందరూ ఒకటే అనిపిస్తారు.

అరెస్టు చేసిన మనిషిని, ప్రయాణానికి పట్టే సమయం పోను, 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. రాజ్యాంగం 22వ అధికరణలోనే ఆ మాటుంది. మేజిస్ట్రేటు రిమాండు రాస్తేనే జైలు. రిమాండు రాసేటప్పుడు “పోలీసులు కొట్టారా?” అని అడుగుతారు. ఆ ప్రశ్నకు భయపడి “లేదండీ” అని ఊరుకునేవాళ్ళే ఎక్కువ. దెబ్బలుంటే చెప్పాల్సింది అక్కడే. చెప్తే కాగితం మీదికొస్తుంది, డాక్టరు చూస్తాడు.

జైలుకు వెళ్ళాక పోలీసులు మళ్ళీ విచారించాలంటే కోర్టులో పిటిషను వేసి కస్టడీకి తీసుకోవాలి. అది మొత్తం కలిపి 15 రోజులు మించకూడదు. సీరియల్లో లాగా సీఐ గారు అర్ధరాత్రి జైలు గది తలుపు తన్నుకుని లోపలికి పోవడం కుదరదు. ఆయనకైనా గేటు దగ్గర కోర్టు కాగితం కావాల్సిందే.

అరెస్టయినవాళ్ళకు ఒక్క ఫోన్ కాల్ చేసుకునే హక్కుంటుందంట కదా?

అది అమెరికా సినిమాల మాట. మన దగ్గర రూలు ఇంకోలా ఉంది: అరెస్టు చేసిన సంగతి, ఎక్కడ ఉంచారన్న సంగతి ఆ మనిషి చెప్పిన బంధువుకో స్నేహితుడికో పోలీసులే తెలియజేయాలి. డి.కె. బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది, తర్వాత చట్టంలోకీ వచ్చింది. అరెస్టు మెమో మీద ఇంట్లోవాళ్ళో, ఊళ్ళో ఒక పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి. మెమో చదవకుండా సంతకం పెట్టొద్దు. తేదీ, టైము చూసుకోండి. తర్వాత పేచీలన్నీ ఆ టైము దగ్గరే వస్తాయి.

మా నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళని ఏ జైలుకు పంపుతారు?

రాష్ట్రంలో సెంట్రల్ జైళ్ళు నాలుగు: రాజమండ్రి, విశాఖపట్నం, కడప, నెల్లూరు. నెల్లూరుది ఊళ్ళో లేదు. గూడూరు వైపు హైవే మీద, వెంకటాచలం మండలం చెముడుగుంటలో ఉంది. ఒంగోలులో జిల్లా జైలుంది. కావలి, మార్కాపురం, కనిగిరి లాంటి ఊళ్ళలో సబ్ జైళ్ళున్నాయి. చిన్న కేసుల్లో రిమాండైన వాళ్ళు మామూలుగా కోర్టుకు దగ్గర్లోని సబ్ జైల్లోనే ఉంటారు. పెద్ద శిక్షలు పడ్డవాళ్ళు సెంట్రల్ జైలుకొస్తారు.

సబ్ జైలు టీవీలో నేనింతవరకు చూడలేదు. నాలుగు గదులు, ఒక చెట్టు, ఎమ్మార్వో ఆఫీసు పక్కనే గోడ. అంత చప్పగా ఉంటే ఎవరు తీస్తారు?

లోపల ఒక్కొక్కరికి ఒక్కో గది ఉంటుందా? నల్లటి గోడ, పైన చిన్న కిటికీ?

ఆ గది సినిమా సెట్టు. ఎక్కువమంది ఉండేది బ్యారక్‌లో. పొడుగాటి హాలు, నేల మీద వరసగా పడకలు, చివర మరుగుదొడ్డి, పైన ఫ్యాన్లు, గోడకు ఒక టీవీ. అవును, టీవీ ఉంటుంది. లోపలి వాళ్ళు కూడా సీరియల్లో జైలు చూస్తారు. మా కక్షిదారు ఒకాయన బయటికొచ్చాక చెప్పాడు: హీరోయిన్ జైలుకెళ్ళిన వారం వాళ్ళ బ్యారక్‌లో ఒకటే నవ్వులంట, “ఈమెకి ఒక్కదానికే అంత గదా!” అని.

అసలు ఇబ్బంది ఏకాంతం కాదు, కిక్కిరిసిన జనం. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉన్నారు. ఉన్న చోటు 4,36,266 మందికి. నలుగురి పడక మీద అయిదుగురు అనుకోండి, ఇంకా కొంచెం ఎక్కువే. రాత్రి పక్కకు తిరగాలంటే పక్కవాణ్ణి లేపాలి.

ఇంకో అంకె ఉంది, అది ఎప్పుడు చెప్పినా నమ్మరు. ఆ 5.73 లక్షల మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నూటికి డెబ్బై అయిదు మందికి పైగా ఇంకా ఏ కోర్టూ “వీడు తప్పు చేశాడు” అని చెప్పలేదు. టీవీలో జైలంటే నేరస్తుల ఊరు. నిజానికి అది తీర్పు కోసం, బెయిలు కోసం, లేకపోతే ఒక కాగితం కోసం కాచుకుని కూర్చున్నవాళ్ళ ఊరు.

లోపల రోజూ కొట్టుకుంటారా? కొత్తగా పోయినవాణ్ణి రౌడీలు ఏడిపిస్తారా?

తల్లులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. గొడవలు అసలు జరగవని చెప్తే అబద్ధం. అంతమందిని ఒక్కచోట మూసిపెడితే నీళ్ళ దగ్గర, ఫ్యాను కింద చోటు దగ్గర మాటా మాటా పెరుగుతుంది. పాత ఖైదీల పెత్తనమూ కొంత ఉంటుంది. కానీ సినిమాల్లో లాగా భోజనాల హాల్లో ప్లేట్లు ఎగరడం, సబ్బులో బ్లేడు దాచడం రోజువారీ సంగతులు కావు.

రోజంతా ఏముంటుందో చెప్తాను, మీకు విసుగొస్తుంది. తెల్లవారగానే తలుపులు తీస్తారు. తలల లెక్క. టిఫిను. రిమాండు వాళ్ళలో వాయిదా ఉన్నవాళ్ళను పిలుస్తారు. ఈ మధ్య చాలా వాయిదాలు వీడియోలోనే అయిపోతున్నాయి, కోర్టుకు వచ్చినప్పుడు చెట్టు కింద భార్యాబిడ్డల్ని కాసేపు చూసుకునే భాగ్యం కూడా పోయింది. మళ్ళీ లెక్క. మధ్యాహ్నం అన్నం. మళ్ళీ లెక్క. పొద్దు గూకకముందే రాత్రి భోజనం పెట్టి లోపలేసి తాళం వేస్తారు. అక్కణ్ణించి తెల్లారేదాకా పన్నెండు గంటలు. వెళ్ళొచ్చినవాళ్ళు ఒక్కరు కూడా నాకు కొట్లాటల గురించి ముందు చెప్పలేదు. ఆ పన్నెండు గంటల గురించే చెప్పారు. ఆలోచనలు తెగవు, నిద్ర రాదు, ఎవడో మూలుగుతుంటాడు, ఎవడో ఏడుస్తుంటాడు.

లోపల మనిషి ప్రాణానికి పూచీ ఎవరిదని అడిగితే, ప్రభుత్వానిదే. అప్పటి కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్ జైలు మీద 1977లో రాత్రిపూట బాంబులేశారు. రిమాండులో ఉన్న తండ్రి చనిపోయాడు, కొడుకు గాయాలతో బయటపడ్డాడు. బెదిరింపులున్నాయని ముందే చెప్పుకున్నా కాపలా పెట్టలేదు. ఆ కొడుకు వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఖైదీ అయినంత మాత్రాన జీవించే హక్కు పోదు, నష్టపరిహారం కట్టాల్సిందేనని 2000లో తీర్పొచ్చింది. కాబట్టి మీవాడికి లోపల ఎవరితోనైనా ప్రాణభయం ఉంటే రిమాండు రోజే లాయరుతో చెప్పి కోర్టుకు మెమో ఇప్పించండి.

చారల చొక్కా, గుండె మీద నంబరు వేస్తారా?

రిమాండు ఖైదీ తన బట్టలే కట్టుకుంటాడు. ఇంటి నుంచి లుంగీలు, చొక్కాలు, తువ్వాలు పంపొచ్చు. బెల్టు, తాడున్న నిక్కరు లాంటివి వెనక్కిస్తారు. శిక్ష పడినవాళ్ళకు యూనిఫాం ఉంటుంది, మన దగ్గర తెల్లది. చారలు సినిమా వాళ్ళు వదలరు, కెమెరాకు బాగా కనపడతాయేమో. నంబరు మాత్రం నిజమే. అది రాసి పెట్టుకోండి. ములాఖత్‌కి (లోపలి మనిషిని కలవడానికి), ఉత్తరానికి, డబ్బు కట్టడానికి అన్నిటికీ అదే అడుగుతారు.

చిప్పకూడు నిజంగా అంత ఘోరంగా ఉంటుందా? క్యారియర్ తీసుకుపోవచ్చా?

చిప్పకూడు అనే మాట పోలేదు గానీ ఆ చిప్పలు ఎప్పుడో పోయాయి. అన్నం, పప్పో సాంబారో, ఒక కూర, మజ్జిగ. మనిషికి ఇన్ని గ్రాములని కొలత ఉంటుంది. కడుపు నిండుతుంది, నాలుకకు మాత్రం ఏమీ తెలియదు. మన నెల్లూరోళ్ళకు అసలు శిక్ష అక్కడే. కారం, పులుపు అలవాటైన నోరాయె.

కావలి వైపు నుంచి ఒక పెద్దమ్మ కొడుక్కని మామిడికాయ వేసిన చేపల పులుసు చేసి, మూడు గిన్నెల క్యారియర్లో రెండు బస్సులు మారి తెచ్చింది. సీరియల్లో తల్లి ఊచల్లోంచి ముద్దలు కలిపి పెడుతుంది కదా, అలాగే పెట్టొచ్చనుకుంది. గేటు దగ్గర తీసుకోలేదు. ఎండలో గోడ నీడన కూర్చుని ఏడ్చి, చివరికి ఆ పులుసు అక్కడ కాచుకున్న వాళ్ళందరికీ పెట్టింది. నేనూ తిన్నాను. ఎలా మింగానో నాకే తెలుసు.

1894 నాటి జైళ్ళ చట్టంలో విచారణ ఖైదీ తన ఖర్చుతో బయటి తిండి, బట్టలు, పరుపు తెప్పించుకోవచ్చని ఉంది, తనిఖీకి లోబడి. కానీ ఆచరణలో ఇంటి భోజనానికి కోర్టు అనుమతి తెచ్చుకోవాల్సిందే. షుగరు, ఆపరేషను లాంటి కారణాలుంటే మెడికల్ కాగితాలతో పిటిషను వేస్తాం. లేదంటే ఖైదీ పేరున జైల్లో డబ్బు కట్టండి. చేతికి నోట్లివ్వరు. ఖాతాలో రాసుకుంటారు, లోపలి క్యాంటీన్లో బిస్కెట్లో పచ్చడో కొనుక్కుంటాడు. వార్డరు చేతిలో నోటు పెట్టి ఏదైనా పంపుదామని చూడకండి. నిషేధించిన వస్తువు లోపలికి చేర్చడం నేరం, మీరే ఇంకో కేసులో ఇరుక్కుంటారు.

ములాఖత్ అంటే అద్దానికి అటూ ఇటూ కూర్చుని ఫోన్లో మాట్లాడటమేనా?

అద్దం, ఫోను అమెరికావి. మన దగ్గర ఇనుప జాలీ. కొన్నిచోట్ల ఇంటర్‌కమ్‌లు పెట్టారు. లేనిచోట అటు పదిమంది, ఇటు పదిహేనుమంది ఒకేసారి అరుస్తుంటారు. మీ మాట మీవాడికి చేరాలంటే మీరూ అరవాలి. టీవీలో లాగా కన్నీళ్ళు తుడుచుకుంటూ మెల్లగా రహస్యాలు చెప్పుకోవడం కుదరదు. “బాగున్నావా, తిన్నావా, లాయరు ఏమన్నాడు” అనేసరికి టైమైపోతుంది.

పోయేముందు నాలుగు సంగతులు గుర్తుంచుకోండి. ఆధార్ కార్డు అసలుది పట్టుకుపోండి. పొద్దున్నే పోయి పేరు రాయించుకోండి. రిమాండు వాళ్ళకూ శిక్ష పడినవాళ్ళకూ వారం లెక్క వేరు కాబట్టి పోయినవారం ఎవరు చూసొచ్చారో ఇంట్లో ముందే కనుక్కోండి. అత్త పొద్దున చూసొస్తే సాయంత్రం భార్యకు కుదరకపోవచ్చు. ఇది మా దగ్గర ఎన్ని కాపురాల్లో నిప్పు పెట్టిందో! దూరాన ఉన్నవాళ్ళకు ఈ-ములాఖత్ అని ఆన్‌లైన్లో బుక్ చేసుకునే వీడియో పద్ధతి కూడా ఉంది.

మన దగ్గర ఇంకో రకం వాళ్ళున్నారు. రాపూరు, వెంకటగిరి, ఉదయగిరి అడవుల్లో ఎర్రచందనం నరుకుతూ దొరికిన తమిళ కూలీలు. తెలుగు రాదు. ఇంటివాళ్ళు తిరువణ్ణామలై, జవ్వాది కొండల నుంచి రావాలి. నెలల తరబడి ఒక్క ములాఖత్ లేనివాళ్ళను చూశాను. దుంగలకు డబ్బు పెట్టినవాడు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. టీవీలో స్మగ్లరంటే తెల్ల చొక్కా, బంగారు గొలుసు. గేటు బయట రిజిస్టర్లో కనిపించేది రోజుకూలికి గొడ్డలి పట్టినవాడి పేరు.

లోపల రాళ్ళు కొట్టిస్తారా?

కొట్టించరు. కఠిన కారాగార శిక్ష పడితే పని తప్పనిసరి, సాధారణ శిక్షయితే ఇష్టమైతేనే. రిమాండు ఖైదీతో పని చేయించకూడదు. పనులు కూడా నేత, కుట్టు, వడ్రంగం, వంట, తోటపని, బేకరీ లాంటివి. జైళ్ళ శాఖ పెట్రోలు బంకుల్లో పెట్రోలు కొట్టేది కూడా సత్ప్రవర్తన ఉన్న శిక్ష ఖైదీలే. మీరు చాలాసార్లు వాళ్ళ చేత కొట్టించుకుని చిల్లర లెక్కపెట్టుకుని వెళ్ళిపోయి ఉంటారు.

పనికి కూలి ఇవ్వాలి. 1988లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, 1998లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చాయి. పాయిఖానాలు కడిగే పనులు కులాన్ని బట్టి పంచడం రాజ్యాంగ విరుద్ధమని 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు చెప్పింది. చాలా రాష్ట్రాల జైలు రూళ్ళలో ఆ రాతలు అప్పటిదాకా అలాగే ఉన్నాయి. డెబ్బై ఏళ్ళ సినిమాల్లో చీకటి కొట్లు, కొరడాలు ఎన్నో చూపించారు గానీ చీపురు ఎవరి చేతికిస్తారన్నది ఎవరికీ కనిపించలేదు.

చేతికి బేడీలు, కాళ్ళకు గొలుసులు, చీకటి గది?

బేడీలు మామూలుగా వేయకూడదని 1980లో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) మాత్రం పాత నేరస్తులకు, తప్పించుకుపోయిన చరిత్ర ఉన్నవాళ్ళకు, హత్య, ఉగ్రవాదం, మత్తుమందుల లాంటి కొన్ని కేసుల్లో బేడీలు వేయొచ్చని రాసింది. ఒంటరి ఖైదు శిక్షగా వేయాలంటే కోర్టు తీర్పులోనే రాయాలి. అది కూడా ఒక విడతకు 14 రోజులు, మొత్తం మీద మూడు నెలలు దాటకూడదు. కోపమొచ్చి జైలరు వేసేది కాదు.

ఆడవాళ్ళను ఎక్కడ ఉంచుతారు? చంటిబిడ్డ ఉంటే?

విడిగా, ఆడ వార్డర్ల కాపలాలో. శిక్ష పడిన మహిళల కోసం రాజమండ్రిలో, కడపలో ప్రత్యేక జైళ్ళున్నాయి. ఆరేళ్ళ లోపు బిడ్డను తల్లి తనతో ఉంచుకోవచ్చు. ఆ పిల్లలకు పాలు, మందులు, ఆటవస్తువులు, బడి సంగతి ఎలా చూడాలో 2006లో సుప్రీంకోర్టు వివరంగా చెప్పింది. ఆ కేసులో ప్రతివాదుల్లో మొదటి పేరు మన రాష్ట్రానిదే.

సీరియల్లో జైలుకెళ్ళిన కోడలు మూడో ఎపిసోడుకి పట్టుచీరతో వచ్చి సవాలు విసురుతుంది. నేను చూసిన ఆడవాళ్ళలో ఎక్కువమందికి బెయిలు వచ్చినా తీసుకుపోయేవాళ్ళు రాలేదు. మగవాడు లోపలుంటే భార్య వారం వారం వస్తుంది. భార్య లోపలుంటే మగవాడు మొదటి నెల వస్తాడు. ఆ తర్వాత వచ్చేది తల్లే.

పగలొక రోజు, రాత్రొక రోజు లెక్క కదా? జీవిత ఖైదు పద్నాలుగేళ్ళే కదా?

రెండూ తప్పే. ఈ రెండు ముక్కలు టీవీ కంటే పాతవి, రచ్చబండ మీద పుట్టినవి. రోజంటే 24 గంటలే.

జీవిత ఖైదంటే చట్టం ప్రకారం చచ్చేదాకా. 1961లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పద్నాలుగు అనే అంకె ఎక్కణ్ణించి వచ్చిందంటే, ఉరిశిక్షకు వీలున్న నేరాల్లో జీవిత ఖైదు పడ్డవాణ్ణి పద్నాలుగేళ్ళు పూర్తికాకుండా ప్రభుత్వం ముందుగా వదలకూడదు. పద్నాలుగేళ్ళయితే వదలమని అడగడానికి అర్హత వస్తుంది, విడుదల హక్కుగా రాదు. ఆగస్టు 15కో జనవరి 26కో ప్రభుత్వం జీవో ఇస్తే, ప్రవర్తన, నేరం, వయసు చూసి జాబితా వేస్తారు. పేరుంటుందో లేదో ఆ రోజుదాకా తెలియదు. పేరు రాని ఏడు లోపలి మనిషికంటే బయట ఇంట్లోవాళ్ళు ఎక్కువ కుంగిపోతారు.

పెరోలు, ఫర్లో, అంటే శిక్ష మధ్యలో కొన్నాళ్ళు ఇంటికి వదలడం, శిక్ష పడినవాళ్ళకే. రిమాండులో ఉన్నవాడు తండ్రి అంత్యక్రియలకు రావాలంటే కోర్టు ఉత్తర్వు తెచ్చుకోవాలి. ఆ కాగితం కోసం శవాన్ని ఆపుకున్న ఇళ్ళున్నాయి.

సినిమాలో లాయరు కాగితం పట్టుకొచ్చి ఊపగానే వదిలేస్తారు. మాకెందుకు ఇన్ని రోజులు?

నా ఉద్యోగమంతా ఈ ప్రశ్న చుట్టూనే. టీవీలో బెయిలంటే ఒక కాగితం. మా దగ్గర అది కనీసం అయిదారు కాగితాలు.

పిటిషను వేయాలి. పబ్లిక్ ప్రాసిక్యూటరుకు నోటీసు. వాదనలు. ఆర్డరు. అప్పుడు “ఇద్దరు జామీనుదారులు, ఒక్కొక్కరు ఇంతకు” అని ఉంటుంది. ఇక ఆ ఇద్దరిని వెతకాలి. ఇంటి పన్ను రసీదో పట్టాదారు పాసుపుస్తకమో ఉండాలి, ఆధార్ ఉండాలి, అవి నిజమైనవని రుజువుండాలి, మనిషి కోర్టుకొచ్చి నిలబడాలి. ఉన్న ఎకరం బ్యాంకులో తాకట్టులో ఉంటే పాసుపుస్తకం చూపించడానికి ఇబ్బంది. కౌలుకు చేసుకునేవాడికి అసలు పాసుపుస్తకమే ఉండదు. చుట్టాలు ముందురోజు రాత్రి “వస్తాంలే” అంటారు, పొద్దున ఫోను ఎత్తరు. జామీనుదారులు సరే అన్నాక కోర్టు నుంచి రిలీజ్ ఆర్డరు జైలుకు చేరాలి. లాకప్ టైము దాటాక చేరితే రేపు. రేపు శనివారమైతే ఇంకేదో చిక్కు. ఒకసారి ఒక కుర్రాడి తండ్రి పేరులో ఒక్క అక్షరం తేడా ఉందని మూడు రోజులు ఆగింది. ఏ ఆఫీసులో రాత తప్పు జరిగిందో చెప్పను. ఆ మూడు రోజులూ వాళ్ళమ్మ మా ఆఫీసు అరుగు మీదే పడుకుంది.

మీకు పనికొచ్చే నాలుగు ముక్కలు చెప్తాను. నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజుల్లో పోలీసులు ఛార్జిషీటు వేయకపోతే బెయిలు హక్కుగా వస్తుంది, కానీ అడగాలి. అడక్కముందే ఛార్జిషీటు పడితే ఆ హక్కు పోతుంది. గంజాయి పెద్ద మొత్తంలో పట్టుబడిన కేసుల్లో ఆ గడువు 180 రోజులు. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు, ఆ నేరానికి పడగల గరిష్ఠ శిక్షలో మూడో వంతు రిమాండులోనే గడిపేస్తే వదలాలని కొత్త చట్టం 479వ సెక్షను చెప్తుంది. మిగతావాళ్ళకు సగం. ఉరి, జీవిత ఖైదు పడే నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవాళ్ళకు ఇది వర్తించదు. 2024 జూలైకి ముందు పెట్టిన కేసులకూ మూడో వంతు లెక్క వర్తిస్తుందని అదే ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది.

బెయిలు వచ్చి వారమైనా పూచీ కట్టలేక లోపలే ఉంటే, జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలి. పేదవాళ్ళకు జామీను కోసం డబ్బు సాయం చేసే కేంద్ర పథకం 2023లో వచ్చింది. లాయరుకు డబ్బు లేకపోతే 15100కు ఫోన్ చేయండి, ఉచితంగా లాయరును పెడతారు. ఇది చెప్తే మా సార్ నవ్వుతారు, “మన పొట్ట కొడుతున్నావేమయ్యా” అని. ఆయనే ఏటా అలాంటి కేసులు చేస్తారు లెండి.

జడ్జి గారు సుత్తితో కొట్టి “ఆర్డర్ ఆర్డర్” అంటారా? ఉరిశిక్ష రాసి కలం విరుస్తారా?

ఇరవై రెండేళ్ళలో ఒక్క సుత్తి చూడలేదు. భగవద్గీత మీద చెయ్యి పెట్టించడమూ లేదు, దేవుడి సాక్షిగానో ఆత్మసాక్షిగానో ప్రమాణం చేస్తే చాలు. కలం పాళీ విరవడం కొందరు జడ్జిలు పాటించే ఆనవాయితీ, చట్టంలో లేదు. ఉరి తీయడం చాలా అరుదు. దేశంలో చివరగా అమలైంది 2020 మార్చి 20న, తీహార్ జైల్లో, నిర్భయ కేసు దోషులు నలుగురికి.

మా అబ్బాయి అమెరికా సిరీస్‌లు చూసి మన జైళ్ళూ అలాగే ఉంటాయంటాడు.

వాటిని చూసి మన జైలును ఊహించుకుంటే, టెక్సాస్ మ్యాపు పట్టుకుని నెల్లూరు ట్రంక్ రోడ్డు మీద తిరిగినట్టుంటుంది. అక్కడ విచారణలో ఉన్నవాళ్ళనూ, ఎక్కువగా ఏడాది లోపు శిక్షలవాళ్ళనూ ఉంచే కౌంటీ జైళ్ళు వేరు, పెద్ద శిక్షల జైళ్ళు వేరు. మన సెంట్రల్ జైల్లో రిమాండువాడూ జీవిత ఖైదీ ఒకే ప్రహరీలో, వేరు వేరు బ్యారకుల్లో ఉంటారు. నారింజ రంగు బట్టలు, ఇద్దరికో గది, వ్యాయామాల మైదానం, జాతిని బట్టి ముఠాలు అక్కడివి. అక్కడ కూడా అన్ని జైళ్ళూ సిరీస్‌లో లాగా ఉండవని వేరే చెప్పాలా?

పెద్దవాళ్ళకు లోపల ఏసీ గది ఇస్తారంట?

చదువు, హోదా, ఆరోగ్యం చూపించి ప్రత్యేక తరగతి కోసం కోర్టును అడగొచ్చు. ఇస్తే మంచం, బల్ల, ఇంటి భోజనం లాంటివి దొరుకుతాయి. అడగడానికి మంచి లాయరు ఉండాలి, అంతే తేడా.

రిమాండుకు పోతే ఉద్యోగం పోతుందా? ఓటు?

ప్రభుత్వ ఉద్యోగి 48 గంటలకు మించి కస్టడీలో ఉంటే సస్పెండైనట్టే లెక్క. ఉద్యోగం పోయినట్టు కాదు. జైల్లో ఉన్నంతకాలం ఓటు వేయలేరు, ముందస్తు నిర్బంధం (నేరం జరగకుండా ముందే పట్టి ఉంచడం) కింద ఉన్నవాళ్ళు తప్ప. జైల్లో ఉండి ఎన్నికల్లో పోటీ మాత్రం చేయొచ్చు. నవ్వకండి, చట్టం అదే.

ఊళ్ళో తలెత్తుకోలేం సార్. జైలుకెళ్ళొచ్చినోడంటే పిల్లనెవరిస్తారు?

దీనికి నా దగ్గర సెక్షను లేదు. మన పెద్దవాళ్ళు జైలును అత్తారిల్లన్నారు, శ్రీకృష్ణ జన్మస్థానమన్నారు. మా రెండు జిల్లాల పేర్లు చూడండి. ఒకటి పొట్టి శ్రీరాములు గారిది, ఒకటి టంగుటూరి ప్రకాశం గారిది. ఇద్దరూ స్వాతంత్ర్యోద్యమంలో జైళ్ళకెళ్ళినవాళ్ళే. కలెక్టరేటు బోర్డు మీద ఆ పేర్లు చదువుకుంటూ, పక్కింటి కుర్రాడు పొరుగువాడితో గట్టు తగాదాలో పదకొండు రోజులు రిమాండుకు పోయొస్తే పెళ్ళి సంబంధం తప్పిస్తాం. వాళ్ళ త్యాగమూ వీడి తగాదా ఒకటని అనను. కానీ తీర్పు రాకముందే శిక్ష వేసేది ఊరే. ఆ గట్టు తగాదా కేసు తర్వాత లోక్ అదాలత్‌లో రాజీ అయిపోయింది, సంబంధం మాత్రం తిరిగి రాలేదు.

టీవీ వాళ్ళు సరిగ్గా చూపించేది ఒక్కటీ లేదా?

ఉంది. పెద్ద గేటులో చిన్న తలుపు. అది నిజంగానే ఉంటుంది, లోపలికి పోవాలన్నా బయటికి రావాలన్నా తల వంచాలి.

విడుదల రోజు మేము ఎప్పుడు రావాలి?

సినిమాలో పొద్దున్నే తలుపు తెరుచుకుంటుంది, చేతిసంచితో హీరో, ఎదురుగా తల్లి, హారతి. మామూలుగా రిలీజ్ ఆర్డరు చేరి, రిజిస్టర్లు చూసి, వేరే కేసుల్లో వారెంట్లేమీ లేవని తేల్చుకుని, వేలిముద్రలు, సంతకాలు అయ్యేసరికి సాయంత్రమవుతుంది. కాబట్టి మధ్యాహ్నం అన్నం తిని రండి, మంచినీళ్ళు తెచ్చుకోండి, ఫోను ఛార్జింగ్ పెట్టుకుని రండి. కనిగిరి, ఉదయగిరి వైపు వాళ్ళయితే ఆఖరి బస్సు టైము ముందే కనుక్కోండి, లేకపోతే బస్టాండులో పడుకోవాల్సి వస్తుంది. ఆర్డరు కాపీ ఒకటి మీ దగ్గరే ఉంచుకోండి. వచ్చే వాయిదా తేదీ దాని వెనక నేనే పెన్నుతో రాసిస్తాను. ఆ రోజు రాకపోతే నాన్ బెయిలబుల్ వారెంటు వస్తుంది, మళ్ళీ మొదటి ప్రశ్న దగ్గర్నుంచి చదువుకోవాలి.